పాత సైన్స్ ఫిక్షన్ సినిమా, దాని వెనక కథ, కొత్త రీమేక్: ఏది ముందు?

గుణుపురంలో డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది: "డ్యూన్ రెండు భాగాలూ చూశాక పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల మీద మోజు పుట్టింది. చాలావాటికి రీమేకులున్నాయి, వాటి వెనక నవలలున్నాయి. ఏది ముందు పట్టుకోవాలి? పాతవే గొప్ప, రీమేకులన్నీ డబ్బు కోసమే అంటారు, నిజమేనా? నేను చదివింది ఒడియా మీడియం. ఇంగ్లీషు నవల అంటే భయం."

బాబూ, నీ వయసు పిల్లలకి ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి పర్లాకిమిడిలో రిటైరయ్యాను. ఆ చనువుతో నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. కొన్నేళ్లుగా ఆదివారం సాయంత్రాలు మా హాల్లో గోడకి తెల్ల దుప్పటి కట్టి, చిన్న ప్రొజెక్టర్ పెట్టి సినిమాలు వేస్తున్నాను. తెలుగు పిల్లలూ ఒడియా పిల్లలూ వస్తారు, కొండ ఊళ్ల నుంచి ఒకరిద్దరు సవర పిల్లలు కూడా వస్తారు. అక్కడక్కడా ఆపి, తెలుగులో కొంత, ఒడియాలో కొంత చెబుతాను. నువ్వడిగిన ప్రశ్న అక్కడ ఎవరో ఒకరు అడగని ఏడాది లేదు.

ముందు ఆ "రీమేకులన్నీ డబ్బు కోసమే" అన్న మాట పక్కన పెట్టు. తెలుగువాళ్లం ఆ మాట అనకూడదు. రంగనాథ రామాయణం ఉండగానే మొల్ల రామాయణం వచ్చింది, రెండిటినీ నెత్తిన పెట్టుకున్నాం. మనం ఇన్నిసార్లు చూసిన 1957 మాయాబజార్ కంటే ముందే 1936లో ఒక మాయాబజార్ ఉంది. మళ్లీ రామాయణం ఎందుకయ్యా అని అడిగితే, లోకమంతా రోజూ తిన్న అన్నమే కదా తింటోంది, ఎవరి రుచి వారిది, ఎవరి బతుకు వారిది అని విశ్వనాథ సత్యనారాయణ గారు కల్పవృక్షం మొదట్లోనే సమాధానం చెప్పారు. రీమేకుల గురించి ఇంతకన్నా మంచి మాట నేను ఏ ఇంగ్లీషు విమర్శలోనూ చదవలేదు.

అలాగని అన్ని రీమేకులూ ఒకటి కావు. నేను చూసేది ఒకటే. తీసినవాడు నీళ్ల కోసం బావి దాకా వెళ్లాడా, పక్కింటి బిందెలోంచి ఒంపుకున్నాడా? మొదట రాసిన కథలో రచయితని నిద్రపోనివ్వని భయం ఒకటి ఉంటుంది. అది బావి. పాత సినిమాకి వచ్చిన పేరు, జనం చప్పట్లు కొట్టిన సీన్లు, ఇవి బిందె. బావికి వెళ్లినవాడు ఆ భయాన్ని తన కాలానికి తెచ్చుకుంటాడు. బిందె దగ్గర ఆగినవాడికి మిగిలేది పేరు, గ్రాఫిక్స్.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ ది థింగ్. 1938లో జాన్ క్యాంప్‌బెల్ "హూ గోస్ దేర్?" అని ఒక పెద్దకథ రాశాడు. అంటార్కిటికా మంచులో పాతుకుపోయిన ఒక ప్రాణి పరిశోధకులకి దొరుకుతుంది. అది ఏ జీవిని మింగితే అచ్చం ఆ జీవిలా తయారవుతుంది. అదే మాట, అదే నడక, అవే జ్ఞాపకాలు. పక్కన కూర్చుని భోంచేస్తున్నవాడు మనిషో కాదో తెలియదు. కథ మొత్తం ఆ ఒక్క అనుమానం మీద నడుస్తుంది. 1951లో దీన్ని ది థింగ్ ఫ్రమ్ అనదర్ వరల్డ్ పేరుతో సినిమా తీశారు. నిర్మాత హోవర్డ్ హాక్స్, దర్శకుడిగా పేరు పడింది క్రిస్టియన్ నైబీది. కథని అంటార్కిటికా నుంచి ఉత్తర ధ్రువం వైపు మార్చేశారు. రూపం మార్చే గుణం తీసేసి, మొక్కజాతికి చెందిన ఒక పొడుగాటి మనిషిని పెట్టారు. సినిమా చురుగ్గా నడుస్తుంది, ఒకరి మాట పూర్తి కాకుండా ఇంకొకరు అందుకునే ఆ సంభాషణలు ఇప్పటికీ హాయిగా ఉంటాయి. కానీ కథలో ప్రాణం పోయింది. శత్రువు తలుపు అవతల ఉన్నాడు, లోపలున్నవాళ్లంతా ఒకే మాట మీద ఉన్నారు. ఇంక అనుమానానికి చోటెక్కడ?

1982లో జాన్ కార్పెంటర్ మళ్లీ తీశాడు. ఆయనకి పాత సినిమా అంటే ప్రాణం. టైటిల్ అక్షరాలు కాలుతూ తెర మీదికి వచ్చే తీరు కూడా దాని మీద గౌరవంతో పెట్టిందే. కథ విషయానికి వచ్చేసరికి మాత్రం తిన్నగా క్యాంప్‌బెల్ దగ్గరకే వెళ్లాడు. అందులో రక్తపరీక్ష సీను ఒకటుంది. అందరినీ తాళ్లతో కట్టి వరసగా కూర్చోబెడతారు. ఒక్కొక్కరి వేలు కోసి, రక్తం చిన్న గాజు పళ్లెంలోకి తీస్తారు. హీరో ఒక రాగి తీగ కొస ఎర్రగా కాల్చి ఆ రక్తంలో ముంచుతాడు. చుయ్ మంటుంది. అంటే వీడు మనిషే. తీగ మళ్లీ కాల్చడం, మళ్లీ ముంచడం, మళ్లీ చుయ్. ఆ చప్పుడు వినబడిన ప్రతిసారీ ఒకడు బతికిపోయినట్టు. సంగీతం దాదాపు ఉండదు. మా హాల్లో ఈ సినిమా వేసిన రోజు సరిగ్గా మూడో పళ్లెం దగ్గర కరెంటు పోయింది. పదిహేను మంది పిల్లలున్నారు, ఒక్కరు లేవలేదు, ఒక్కరు ఫోన్ లైటు వెయ్యలేదు. ఇరవై నిమిషాల తర్వాత కరెంటు వచ్చేదాకా చీకట్లో అలాగే కూర్చున్నారు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో క్లాసులో అంత నిశ్శబ్దం నేను చూడలేదు.

ఆ చీకట్లోనే వాళ్లకి మా అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి చెప్పాను. దేశాంతరం వెళ్లిన మొగుడి రూపంలో ఒక పిశాచం ఇంటికొచ్చి కాపురం పెడుతుంది. కొన్నాళ్లకి అసలు మొగుడు వస్తాడు. ఇద్దరూ ఒకేలా ఉన్నారు, ఊరి పెద్దలకి పాలుపోలేదు. చివరికి ఒక తెలివైన కుర్రాడు చిన్న సీసా తెచ్చి, మీ ఇద్దరిలో ఇందులో దూరగలిగినవాడే అసలు మొగుడు అంటాడు. మనిషి బిక్కమొహం వేశాడు. పిశాచం సర్రున దూరింది. బిరడా బిగించేశారు. దానికున్న శక్తే దాన్ని పట్టించింది. క్యాంప్‌బెల్ రాసిన రక్తపరీక్ష కూడా ఇదే కదా. ఆ ప్రాణిలో ప్రతి చుక్కా విడిగా బతకగలదు, కాబట్టి వేడి తగిలితే ఏ చుక్కకి ఆ చుక్క తప్పించుకోవాలని చూస్తుంది, దొరికిపోతుంది. ఆ పరీక్ష 1938 కథలోనే ఉంది. 1951 సినిమా వదిలేసింది. కథ వచ్చిన నలభై నాలుగేళ్లకి వచ్చిన రీమేక్ దాన్ని వెనక్కి తెచ్చి మొత్తం సినిమాకి గుండెకాయ చేసింది. అందుకే పాతది ఎప్పుడూ అసలుకి దగ్గరగా ఉంటుందనుకోవడం పొరపాటు.

విచారం ఏమిటంటే ఆ సినిమా అప్పట్లో ఆడలేదు. 1982 జూన్ 25న వచ్చింది. అదే రోజు బ్లేడ్ రన్నర్ కూడా విడుదలైంది. రెండు వారాల ముందు వచ్చిన ఈ.టి. మంచి గ్రహాంతరవాసిని చూపించి జనం మనసు దోచుకుంది. వీడియో క్యాసెట్లొచ్చాక గానీ ఈ రెండు సినిమాల విలువ తెలియలేదు. తర్వాత 2011లో అదే పేరుతో ఇంకో థింగ్ వచ్చింది, కార్పెంటర్ కథకి ముందు జరిగింది చెబుతానంటూ. అది బిందె నీళ్లు. చూడకపోయినా నష్టం లేదు.

ఇప్పుడు మన ప్రాంతం వాళ్లు తప్పకుండా చదవాల్సిన కథ గురించి చెబుతాను. హెచ్.జి.వెల్స్ రాసిన ది వార్ ఆఫ్ ది వరల్డ్స్. 1897లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది, 1898లో పుస్తకమైంది. అంగారకుడి నుంచి వచ్చినవాళ్లు మూడు కాళ్ల యంత్రాలెక్కి ఇంగ్లండును బూడిద చేస్తారు. చాలామందికి తెలిసింది ఇంతే. కానీ మొదటి అధ్యాయంలోనే వెల్స్ తన దేశం వాళ్లకి ఒక మాట గుర్తుచేస్తాడు: అంగారకుల్ని తిట్టే ముందు మనం ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మేనియా దీవి ప్రజల్ని యాభై ఏళ్లలో ఎలా తుడిచిపెట్టామో తలుచుకోండి అని. సూర్యుడు అస్తమించని సామ్రాజ్యం అని మురిసిపోతున్న రోజుల్లో, ఆ సామ్రాజ్యం నడిబొడ్డున కూర్చుని ఈ మాట రాశాడు. ఆ రోజుల్లో మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఆ అధ్యాయం చదువుతుంటే ఆ యంత్రాల కింద ఎవరున్నారో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ముగింపు ఇంకా ఆశ్చర్యం. పిరంగులకి లొంగని అంగారకులు భూమి మీది సూక్ష్మజీవులకి చచ్చిపోతారు. మనకి అలవాటైన క్రిములు వాళ్ల ఒంటికి కొత్త. మన కొండల్లో పెద్దవాళ్లని అడుగు, మన్యం జ్వరం గురించి చెబుతారు. రంప, గూడెం వైపు తిరుగుబాట్లు అణచడానికి వచ్చిన పటాలాల్ని బాణాలు బాధించినంతగా మలేరియా కూడా బాధించింది. ఇంకో సంగతి విను. ఆ సీరియల్ లండన్ పత్రికలో వస్తున్న రోజుల్లోనే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ సూక్ష్మదర్శిని కింద ఒక దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఇద్దరికీ సంబంధం లేదు. ఒకే ఏడాది, ఒకే సామ్రాజ్యంలో, ఒకడు దోమని కోసి చూస్తున్నాడు, ఇంకొకడి కథ పత్రికలో అదే సూక్ష్మలోకంతో ముగింపుకి వస్తోంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకే ఒళ్లు జలదరిస్తుంది.

ఈ కథకి 1953లో జార్జ్ పాల్ నిర్మించిన సినిమా ఉంది, 2005లో స్పీల్‌బర్గ్ తీసిన సినిమా ఉంది. 1953ది కాలిఫోర్నియాలో జరుగుతుంది. అది అణుబాంబు రోజుల భయం. ఆ బాంబే వేసినా అంగారకులకి ఏమీ కాదు, అప్పటి అమెరికా ప్రేక్షకుడికి అంతకన్నా గుండె జారే సీను ఉండదు. మూడు కాళ్లు తీసేసి గాల్లో తేలే యంత్రాలు పెట్టారు, అవి ఇప్పటికీ అందంగా ఉంటాయి. టాస్మేనియా ఊసు మాత్రం లేదు. 2005లో మూడు కాళ్లు తిరిగొచ్చాయి. హీరో సైంటిస్టు కాదు, రేవులో క్రేన్ నడిపే ఒక మామూలు మనిషి, పిల్లల్ని తీసుకుని పరుగెత్తడం తప్ప ఏమీ చెయ్యలేనివాడు. వెల్స్ పుస్తకంలో కథ చెప్పే మనిషి కూడా అలాంటివాడే, చూస్తాడు, దాక్కుంటాడు, పారిపోతాడు. 2001లో న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు జనం మీద పడిన బూడిద ఈ సినిమాలో మళ్లీ కనబడుతుంది.

ఒక్క సీను చెబుతాను. వేలమంది మూటాముల్లె పట్టుకుని నడిచిపోతుంటారు. లెవెల్ క్రాసింగ్ దగ్గర గంట మోగుతుంది, గేటు పడుతుంది. అలవాటు ప్రకారం అందరూ ఆగుతారు. రైలు వస్తుంది, ప్రతి కిటికీలోంచి మంటలు కక్కుతూ దూసుకుపోతుంది. గేటు లేస్తుంది. ఎవరూ ఏమీ మాట్లాడరు, మళ్లీ నడక మొదలుపెడతారు. మన లైనులో గేటు పడ్డప్పుడు నిలబడి రైలు కోసం చూసిన ప్రతివాడికీ ఆ సీను కడుపులో తగులుతుంది. ఆ రైలు వెల్స్ రాసింది కాదు. అయినా వెల్స్ భయమే అది. బావికి వెళ్లడం అంటే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం కాదని నేను పిల్లలకి చెప్పేది ఈ సీను చూపించే. సినిమా చివర్లో ఇంటి వ్యవహారం తేలిగ్గా తేల్చేశాడు, అది నాకు నచ్చలేదు.

వెల్స్‌దే ది టైమ్ మెషీన్, 1895. కాలయంత్రం మీద 8,02,701వ సంవత్సరానికి వెళ్తే మనుషులు రెండు జాతులుగా చీలిపోయి ఉంటారు. పైన ఎండలో ఆడుకునే ఎలోయ్‌లు, భూమి కింద యంత్రాల దగ్గర బతికే మోర్లాక్‌లు. సుఖపడేవాడికీ కష్టపడేవాడికీ మధ్య దూరం అలాగే పెరుగుతూ పోతే ఏమవుతుందన్నది ఆయన ప్రశ్న. ఆయన డార్విన్ సిద్ధాంతాన్ని సమర్థించిన హక్స్‌లీ దగ్గర పాఠం విన్న విద్యార్థి, అందుకే పరిణామ సిద్ధాంతాన్నీ పేదరికాన్నీ ఒకే తాడుకి కట్టగలిగాడు. 1960 సినిమా ఆ ప్రశ్న వదిలి యుద్ధ భయం పట్టుకుంది. పోనీ, అదీ ఒక నిజమైన భయమే. 2002లో వచ్చినదానికి దర్శకుడు స్వయానా వెల్స్ మునిమనవడు సైమన్ వెల్స్. రక్తసంబంధం ఉంది గానీ ప్రశ్న లేదు. చనిపోయిన ప్రియురాలి కోసం హీరో కాలయంత్రం కడతాడు, కాసేపటికి ఆ అమ్మాయినీ మర్చిపోతాం.

నా దృష్టిలో ఆ నవలకి మంచి వారసుడు మన సింగీతం శ్రీనివాసరావు గారు. 1991లో ఆదిత్య 369. ఎలోయ్‌లూ లేరు, మోర్లాక్‌లూ లేరు. యంత్రాన్ని మాత్రం తీసుకుని, తెలుగువాడి చేతికిస్తే ముందు ఎక్కడికి పోతాడు అని ఆలోచించారు. కృష్ణదేవరాయల దగ్గరకే పోతాడు, ఇంకెక్కడికి పోతాడు! తర్వాత భవిష్యత్తులోకి వెళ్తే యుద్ధంతో పాడైన లోకంలో జనం భూమి కింద బతుకుతుంటారు. వెల్స్ చదివినవాడికి ఆ భూగర్భం చూడగానే మోర్లాక్‌లు గుర్తుకొస్తారు. బరంపురంలో హాలు నిండా జనంతో చూశాను ఆ సినిమా. టైమ్ మెషీన్ అన్న మాట తెలియని ముసలివాళ్లకి కూడా ఒక్క ముక్క విడమరిచి చెప్పాల్సిన పని రాలేదు.

నువ్వు మొదలుపెట్టిన డ్యూన్ సంగతికి వస్తే, ఫ్రాంక్ హెర్బర్ట్ నవల 1965లో వచ్చింది. దేవుడిలా వచ్చే నాయకుణ్ణి నమ్మితే జనానికి ఏమవుతుందో చెప్పాలన్నది ఆయన తపన. డేవిడ్ లించ్ 1984లో అంత లావు పుస్తకాన్ని రెండుంపావు గంటల్లో కుక్కాడు. చివర్లో హీరో ఆ ఎడారి గ్రహం మీద వాన కురిపిస్తాడు, నిజంగానే దేవుడైపోతాడు. పుస్తకంలో ఆ వాన లేదు. ఆ వానతో హెర్బర్ట్ చెప్పింది మొత్తం కొట్టుకుపోయింది. విల్నవ్ 2021, 2024 సినిమాల్లో ఏం చేశాడో నువ్వు చూశావు: అందరూ మోకరిల్లుతుంటే హీరో ప్రేమించిన చానీ ఒక్కతే తల వంచకుండా వెళ్లిపోతుంది. పుస్తకంలో చానీ అలా చెయ్యదు. కానీ హెర్బర్ట్ మనసులో ఉన్న అనుమానం మొత్తం ఆ ఒక్క అమ్మాయి మొహంలో పెట్టాడు. కటౌట్లకి పాలాభిషేకం చేసే మనం ఆ మొహాన్ని ఇంకోసారి నిదానంగా చూడాలి.

ఇదంతా విని, పుస్తకాన్ని పట్టుకుంటే చాలు సినిమా నిలబడుతుందని అనుకోకు. పియర్ బూల్ 1963లో రాసిన వానరుల గ్రహం (ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్) కథకి 1968 సినిమా తన సొంత ముగింపు పెట్టుకుంది. సముద్రం ఒడ్డున ఆ ముగింపు ఏమిటో నీకు తెలియకపోతే నేను చెప్పను, ఎవరినీ అడగకు, పోస్టరు కూడా చూడకు. 2001లో టిమ్ బర్టన్ పుస్తకంలోని ముగింపుకే దగ్గరగా వెళ్లాడు, అయినా చప్పగా తేలిపోయింది. బావికి వెళ్లాడు గానీ దాహం లేదు. 2008లో వచ్చిన ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్ కూడా అంతే, 1951 నాటి అణుయుద్ధ భయం తీసి పర్యావరణం పెట్టారు, మంచి ఆలోచనే, కానీ గ్రాఫిక్స్ హోరులో ఆ మాట వినబడదు.

సొలారిస్ వేరే రకం. 1961లో స్టానిస్లావ్ లెమ్ రాసిన నవల. ఒక గ్రహం మొత్తం ఆవరించిన సముద్రం, అదే ఒక ప్రాణి. మనిషి ఎన్నేళ్లు చదివినా దానికి అర్థం చెప్పలేడు. 1972లో తార్కోవ్‌స్కీ తీసిన రష్యన్ సినిమాని లోకమంతా మెచ్చుకుంది, లెమ్ మాత్రం మెచ్చుకోలేదు. 2002 హాలీవుడ్ సినిమానీ మెచ్చుకోలేదు. ఇద్దరు దర్శకులూ హీరో పోగొట్టుకున్న భార్య మీద దృష్టి పెట్టారు, ఆయనకి కావలసింది ఆ సముద్రం. నేను రెండు పక్షాలా ఉన్నాను. పుస్తకం చదివినప్పుడు లెమ్ చెప్పింది న్యాయం అనిపిస్తుంది, తార్కోవ్‌స్కీ సినిమా చూస్తున్నంతసేపూ ఇంకేదీ గుర్తుకు రాదు.

ఇక ఏది ముందు అన్నదానికి ఒకే సూత్రం లేదు. కథ చిన్నదైతే ముందు చదువు, నవల లావుగా ఉంటే ముందు సినిమా చూడు. ది థింగ్ విషయంలో కథ, 1951, 1982 ఆ వరసలోనే వెళ్లు. మధ్యలో పాత సినిమా చూస్తేనే ఏం పోయిందో, ఏం తిరిగొచ్చిందో తెలుస్తుంది. వార్ ఆఫ్ ది వరల్డ్స్‌కి మొదటి అధ్యాయం చదివి 2005ది చూడు, 1953ది తర్వాత. సొలారిస్ మాత్రం పుస్తకం చదవకుండా ముట్టుకోకు. బ్లేడ్ రన్నర్ ముందు సినిమా చూసెయ్, 2007లో వచ్చిన ఫైనల్ కట్ దొరికితే అదే. అందులో మనిషి ఎవరు, మరబొమ్మ ఎవరు అని కనుపాప చూసి కనిపెట్టే పరీక్ష ఉంటుంది. స్వయంవరంలో నలుడి వేషం వేసుకున్న దేవతల్ని రెప్ప వాల్చని కళ్లను బట్టి పోల్చుకున్న దమయంతి కథ తెలిసినవాడివైతే, ఆ సీను నీకు ఇంకా బాగా ఎక్కుతుంది.

ఇంగ్లీషు భయం గురించి. వెల్స్ పుస్తకాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి, ఫోన్లో చదువుకోవచ్చు. ది టైమ్ మెషీన్ చాలా చిన్న నవల. రోజుకి నాలుగు పేజీలు, తెలియని మాట వచ్చినా ఆగకుండా చదువు, మూడోసారి కనబడినప్పుడే డిక్షనరీ తియ్యి. నా దగ్గర చదివిన ఒక సవర కుర్రాడు అలాగే నెలన్నరలో పూర్తి చేశాడు. వాడు చదివింది కూడా ఒడియా మీడియమే, ఇంట్లో సవర, బజార్లో తెలుగు. అంతకన్నా చిన్నది కావాలంటే ఆర్థర్ సి. క్లార్క్ కథ "ది సెంటినల్" పట్టుకో, ఒక పూట పని. 2001: ఎ స్పేస్ ఒడిస్సీకి మొలక ఆ కథలోనే ఉంది.

ది థింగ్ మాత్రం ఒక్కడివే ఫోన్లో చూడకు. నలుగురు ఉన్నచోట, కాస్త పెద్ద తెర మీద, లైట్లు ఆర్పి చూడండి. రక్తపరీక్ష దగ్గరకొచ్చేసరికి తెర వదిలి పక్కవాళ్ల మొహాలు చూడాలనిపిస్తుంది, అప్పుడు చూడు.